కోనసీమ కథకులు: ఇల్లూ, పుస్తకమూ

ధవళేశ్వరం దిగువన గోదావరి చీలి, గౌతమిగానూ వసిష్ఠగానూ సముద్రానికి పోతుంది. ఆ రెండు పాయల నడుమ నేల కోనసీమ. వైనతేయ పాయ ఆ నేలను మళ్ళీ మధ్యకు కోస్తుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట దీనికి పాత కేంద్రాలు. 2022లో కోనసీమ జిల్లా ఏర్పడినప్పుడు గౌతమికి ఎడమ ఒడ్డున ఉన్న రామచంద్రపురం వైపు ఊళ్ళు కూడా అందులో చేరాయి. ఏటికి అవతలివాళ్ళు కోనసీమవాళ్ళు ఎలా అవుతారని ఇవతలివాళ్ళు ఇప్పటికీ అడుగుతారు. కథల విషయంలో మాత్రం ఆ గీత ఎప్పుడూ గట్టిగా నిలవలేదు. పిల్లనిచ్చిన ఊరు ఒక ఒడ్డున, పుట్టిల్లు మరో ఒడ్డున ఉన్న కుటుంబాల గురించి రాసినవాళ్ళు రేవు దాటకుండా కథ చెప్పలేరు. అందుకే ఈ వ్యాసంలో కోనసీమ కథకులంటే పాయల మధ్య పుట్టినవాళ్ళతో పాటు, గౌతమి అవతలి ఒడ్డున పుట్టి అదే జీవితాన్ని రాసినవాళ్ళు కూడా.

ఈ ప్రాంతపు సాహిత్యం మీద వచ్చే వ్యాసాలు చాలావరకు కొబ్బరితోటలతో, కాలవగట్లతో మొదలవుతాయి. కథలు చదివితే లెక్క వేరుగా తేలుతుంది. తోటలో జరిగినవి తక్కువ. వంటింట్లో, మండువాలో, పెరటి నూతి దగ్గర, వీధి అరుగు మీద జరిగినవే ఎక్కువ. కథకుడికి ముడిసరుకు ఇచ్చింది ఇల్లు. నువ్వు రాయడానికి వీల్లేదన్నదీ చాలాసార్లు ఆ ఇల్లే. వందేళ్ళలో ఏయే ఇళ్ళు అచ్చులోకి వచ్చాయో, ఏవి ఆలస్యంగా వచ్చాయో చూస్తే కోనసీమ కథాచరిత్ర చాలామటుకు తెలిసిపోతుంది.

సోమయాజి గారి ఇంట్లో

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1891 ఏప్రిల్ 23న పొలమూరులో పుట్టారు. ఆ ఊరు అనపర్తి దగ్గర, గౌతమికి ఎడమ వైపు. పటం చూసి చెప్పాలంటే కోనసీమ కాదు. కానీ ఈ సీమ వైదిక కుటుంబాల కథను ఆయన్ని పక్కనపెట్టి రాయడం కుదరని పని. రెండు ఒడ్డుల అగ్రహారాలకూ వియ్యాలు, చదువులు, పురోహితాలు, మాటతీరు కలిసే ఉండేవి.

తండ్రి లక్ష్మీపతి సోమయాజులు, తల్లి మహాలక్ష్మీ సోదెమ్మ. యజ్ఞం చేసిన ఇల్లు. ఆ ఇంట్లో చదువంటే వేదం, స్మార్తం, జ్యోతిషం, సంస్కృత కావ్యాలు. తెలుగులో పద్యం అల్లడం చదువు కింద జమ కాదు; కుర్రాడు చెడిపోతున్నాడనడానికి గుర్తు. శాస్త్రి ఇంట్లోవాళ్ళు చెప్పిన సంస్కృతమూ చదివారు, వాళ్ళు వద్దన్న తెలుగూ రాశారు. అవధానాలు చేశారు. మొదట్లో రాసిన నవలల్లో గ్రాంథికమే వాడారు. తర్వాత వాడుకభాషకు మారి, ఇక వెనక్కి చూడలేదు.

ఆ మార్పును గిడుగు రామమూర్తి ఉద్యమం ఖాతాలో వేసి ఊరుకోవడం చరిత్రకారులకు అలవాటు. ఉద్యమం ప్రభావం ఉంది, కాదనలేం. అయితే శ్రీపాద వాక్యం బడిపంతుళ్ళ వ్యావహారికం లాగా ఉండదు. అది వదినా మరదళ్ళు పప్పు రుబ్బుకుంటూ మాట్లాడుకునే భాష. అత్తగారి దెప్పు, విధవరాలైన మేనత్త నిట్టూర్పు, పెళ్ళిపందిట్లో ఆడవాళ్ళ వేళాకోళం. అసలైన తెలుగు ఇళ్ళలో ఆడవాళ్ళ నోట ఉందని నమ్మిన రచయిత ఆయన. పండితులైన మగవాళ్ళు ఆయనకు సంస్కృతం నేర్పితే, ఆ పండితుల ఇళ్ళలోని ఆడవాళ్ళు ఆయనకు కథ చెప్పడం నేర్పారు. కథల్లో వర్ణన తక్కువ, సంభాషణ ఎక్కువ. కొన్ని కథలు మొదటి నుంచి చివరిదాకా మాటలతోనే నడుస్తాయి. ఎవరు మాట్లాడుతున్నారో చెప్పకపోయినా పాఠకుడికి తెలిసిపోతుంది.

‘అరికాళ్ళ కింద మంటలు’ ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. చిన్నతనంలోనే భర్త పోయిన పిల్ల పుట్టింట్లో వంటమనిషి, పనిమనిషి, దాసీ అన్నీ అయింది. ఇంట్లో ఎవరికి విసుగు వచ్చినా అది ఆమె మీదికే వస్తుంది. పెద్ద సంఘటన ఏదీ లేదు. ఒకరి తర్వాత ఒకరు పని పురమాయిస్తూ ఉంటారు, అంతే. ఆ పురమాయింపుల వరసే కథ. చివరికి ఆమె రాత్రివేళ ఇల్లు విడిచి, రాజమండ్రిలో వీరేశలింగం గారి తోటకు దారి పడుతుంది. సాయం చేసేది జట్కావాడు, బంధువుల్లో ఒక్కరూ కాదు. రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. కథ రాసేనాటికి ఆ పేరు ఊరూరా తెలుసు, కానీ ఊరూరా ఇళ్ళు మారలేదు. ఆ రెండింటి మధ్య దూరాన్ని శ్రీపాద ఒక జట్కా ప్రయాణంగా రాశారు. సంస్కరణ గురించి ఉపన్యాసం ఎక్కడా లేదు. అందుకే ఆ కథ నిలిచింది.

‘ఇల్లు పట్టిన వెధవాడబడుచు’, ‘పుల్లంపేట జరీచీర’, ‘గూడు మారిన కొత్తరికం’, ‘కలుపు మొక్కలు’, ‘కీలెరిగిన వాత’. ఈ పేర్లు వరసగా చదివినా ఆయన మనసు ఎక్కడ తిరిగిందో అర్థమవుతుంది. ‘తాపీ మేస్త్రీ రామదీక్షితులు బి.ఏ.’ అన్న పేరులోనే ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ కుటుంబాన్ని తలకిందులు చేసే వార్త ఉంది. ‘మార్గదర్శి’లో ఉద్యోగం వెంట పరుగెత్తే చదువుకున్న కుర్రాళ్ళకు వ్యాపారం చేసుకోమని చెప్పిస్తారు. ‘వడ్లగింజలు’, ‘గులాబీ అత్తరు’ పెద్దాపురం సంస్థానం మీద రాసినవి. వీటిలో చదరంగం, అత్తరు, దివాణం వ్యవహారాలు ఉన్నాయి గనక వీటికే ఎక్కువ పేరు వచ్చింది. నా లెక్కలో ఇంటి కథలే గొప్పవి. దివాణం కథల్లో నేర్పు కనిపిస్తుంది. ఇంటి కథల్లో రచయితకు ఆ నేర్పు ఎక్కడి నుంచి వచ్చిందో కనిపిస్తుంది.

ఆయన మొత్తం మీద 75 దాకా కథలు రాశారని చెబుతారు. రాజమండ్రి నుంచి ‘ప్రబుద్ధాంధ్ర’ పత్రిక నడిపారు. వాల్మీకి రామాయణాన్ని తెలుగు వచనం చేశారు, ఆయుర్వేదం మీద పుస్తకాలు రాశారు. 1956లో రాజమండ్రిలో ఆయనకు కనకాభిషేకం జరిగింది. 1961 ఫిబ్రవరిలో పోయారు. ఆత్మకథ ‘అనుభవాలూ–జ్ఞాపకాలూనూ’ పూర్తికాకుండానే మిగిలింది. ఈ సీమలో ఒక రచయిత కుటుంబ జీవితాన్ని తెలుసుకోవడానికి అంతకు మించిన పుస్తకం ఇంకోటి లేదు. అన్నదమ్ముల చదువులు, గురువుల ఇళ్ళలో భోజనాలు, పెద్దల కోపతాపాలు, పెళ్ళివారి పంతాలు, కవిత్వం రాస్తూ దొరికిపోయిన కుర్రాడి పాట్లు అన్నీ అందులో ఉన్నాయి. తన ఇంటిని ఆయన క్షమించారని చెప్పలేం, నిందించారనీ చెప్పలేం. అంత వివరంగా గుర్తుపెట్టుకున్నారు, అది చాలు.

ఆయన కథలు, ఆత్మకథ ఇటీవలి దశాబ్దాల్లో మళ్ళీ మళ్ళీ అచ్చయ్యాయి. పోయి అరవై ఏళ్ళు దాటిన కథకుడి పుస్తకాలు పుస్తకాల సంతల్లో కొత్తవాటి పక్కన అమ్ముడుపోవడం తెలుగులో తరచుగా జరిగే పని కాదు. కొనేవాళ్ళలో చాలామంది ఆయన రాసిన మండువా లోగిలిని కళ్ళతో చూసి ఉండరు.

అదే ఏడాది పుట్టిన మరొకరు

చింతా దీక్షితులు కూడా 1891లోనే పుట్టారు. ఊరు దంగేరు, ఇప్పుడది కోనసీమ జిల్లాలోనే ఉంది. ఆయన విద్యాశాఖలో పనిచేశారు. ‘ఏకాదశి’ కథలు, సుగాలీల మీద రాసిన కథలు, వటీరావు కథలు, పిల్లలకు రాసిన ‘లక్కపిడతలు’ ఆయన పేరు నిలబెట్టాయి. శ్రీపాద ఇంట్లో ఆడవాళ్ళ మాట వింటే, దీక్షితులు ఇంట్లో పిల్లల మాట విన్నారు. పిల్లల కోసం రాసేటప్పుడు నీతిని ముందు పెట్టి కథను వెనక నడిపించే అలవాటు ఆయనకు లేదు. ఆ కాలపు ఉపాధ్యాయుడికి అది చిన్న సంగతి కాదు.

ఆయన వ్యక్తిగత జీవితంలో సాహిత్య చరిత్రకు పనికివచ్చిన ఘట్టం ఒకటుంది. చలానికి రమణ మహర్షిని పరిచయం చేసినవారు దీక్షితులే. కుటుంబం అనే కట్టడాన్ని తెలుగులో అందరికంటే గట్టిగా ఢీకొట్టిన రచయితను, పిల్లల కథలు రాసుకునే ఒక సౌమ్యుడు అరుణాచలం దారి పట్టించాడు. 1950లో చలం అక్కడికే మకాం మార్చారు. దీక్షితులు గారికి చలం రాసిన ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. ఆ ఉత్తరాలు చదివినవాళ్ళు చలం గురించి మాట్లాడుకుంటారు. ఆ ఉత్తరాలన్నీ అందుకుని, దాచిన మనిషి గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడరు.

రేవు దాటితే పెళ్ళి

కోనసీమ కుటుంబ కథకు యానాం ఒక చిత్రమైన అంచు. గౌతమి ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరు 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది. ఆడపిల్లకు 14, మగపిల్లాడికి 18 ఏళ్ళు నిండాలన్న శారదా చట్టం 1929లో వచ్చి, 1930 ఏప్రిల్ నుంచి బ్రిటిషు ఇండియాలో అమలైంది. యానాంలో ఆ చట్టం లేదు. పిల్లకు ఎనిమిదేళ్ళు దాటకుండా పెళ్ళి చేసి తీరాలనుకున్న చుట్టుపక్కల జిల్లాలవాళ్ళు బంధువులతో, పురోహితుడితో, మేళంతో సహా యానాం చేరేవారు. ముహూర్తాల రోజుల్లో అక్కడ ఒకేసారి ఎన్నో పెళ్ళిళ్ళు. రాత్రికి తాళి కట్టించి తెల్లారేసరికి రేవు దాటి వెనక్కి వచ్చేసేవారు.

ఈ జీవితాన్ని దగ్గర నుంచి రాసినవారు యానాంలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన కవి, కథకుడు దాట్ల దేవదానంరాజు. యానాం చరిత్ర మీద పుస్తకం రాశారు, ‘యానాం కథలు’ రాశారు. కవిత్వంలో ‘వానరాని కాలం’, ‘గుండె తెరచాప’ ఆయనవే. చరిత్ర పుస్తకంలో ఒక పేరాకు సరిపోయే విషయం కథలో ఒక ఇంటి మీద ఎలా పడుతుందో చూడాలంటే ఆ చరిత్రనూ ‘యానాం కథలు’నూ పక్కపక్కన పెట్టుకోవాలి. తెలుగు మాట్లాడుతూ, ఫ్రెంచి కాగితాల మీద సంతకాలు పెట్టి, పుదుచ్చేరి నుంచి జీతాలు తీసుకునే ఊరు తెలుగు కథకు దొరకడం అదృష్టమే.

అగ్రహారం లోపలి నుంచి

ముంగండ పండితరాయలు జగన్నాథుడి ఊరని చెప్పుకుంటారు. ఇరవయ్యో శతాబ్దపు పాఠకులకు మాత్రం అది మహీధరవారి ఊరు. మహీధర రామమోహనరావు 1909లో పుట్టారు. ఆయన నవలాకారుడు, అందుకని కథల వ్యాసంలో ఆయనకు చోటెందుకని అడగవచ్చు. చోటివ్వక తప్పదు. ‘కొల్లాయిగట్టితేనేమి?’ అనే నవల సహాయ నిరాకరణ రోజుల్లో కోనసీమ అగ్రహారం లోపల ఏం జరిగిందో చెప్పింది. గాంధీ గారి ఉద్యమం ఊళ్ళోకి ఊరేగింపుగా రాలేదు. ఒక అల్లుడి మొండితనంగా, ఒక మామగారి కోపంగా, పంక్తిలో పక్కన కూర్చోవాలా వద్దా అనే తగాదాగా వచ్చింది. అప్పటి చరిత్ర రాసినవాళ్ళకు ఇది దొరకలేదు. మహీధరకు ఇంట్లోనే దొరికింది.

ఈ కుటుంబంలో రాయడం ఒక్కరితో ఆగలేదు. అన్నదమ్ములు రాజమండ్రిలో విశ్వసాహిత్యమాల నడిపి రష్యన్ సాహిత్యాన్ని తెలుగులోకి తెచ్చారు. సైన్సును పిల్లలకు కథలా చెప్పిన మహీధర నళినీమోహన్‌దీ అదే ఇంటిపేరు. కోనసీమలో పుస్తకం రాసిన ఇళ్ళు చాలా ఉన్నాయి. పుస్తకాలు అచ్చువేసిన ఇల్లు అరుదు.

పాలేరు ఇంటి నుంచి

పై పేరాల్లో కనిపించిన ఇళ్ళన్నింటికీ వెనక ఒక పశువుల చావిడి ఉంది. అందులో పనిచేసినవాళ్ళ ఇళ్ళు ఊరికి దూరంగా, పేటల్లో ఉన్నాయి. ఆ ఇంట్లో ఏం వండుకున్నారో, పెళ్ళి ఎలా చేశారో, పిల్లాడిని బడికి పంపడానికి ఏం అమ్ముకున్నారో అగ్రహారం కథకులు రాయలేదు. కొందరికి సానుభూతి ఉంది. గుమ్మం దాటి లోపలికి వెళ్ళింది లేదు.

బోయి భీమన్న 1911లో మామిడికుదురులో, పొలం పనులు చేసుకు బతికే దళిత కుటుంబంలో పుట్టారు. ఆయన ప్రధానంగా కవి, నాటకకర్త. ‘పాలేరు’ నాటకం 1940ల్లో ఊరూరా ఆడింది. పాలేరుగా బతకాల్సిన కుర్రాడు చదువుకుని పెద్ద ఉద్యోగి కావడం దాని ఇతివృత్తం. ఆ నాటకం చూసి పిల్లల్ని పాలేరుతనం మాన్పించి బడికి పంపిన తల్లిదండ్రుల గురించి గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక రచన నేరుగా ఇళ్ళలోకి వెళ్ళి, పిల్లాడు రేపు పొద్దున ఎక్కడికి వెళ్ళాలో మార్చిందంటే అది ఏ బహుమతి కంటే పెద్దది. బహుమతులూ వచ్చాయి: 1973లో పద్మశ్రీ, ‘గుడిసెలు కాలిపోతున్నాయి’ కవితాసంపుటికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, 2001లో పద్మభూషణ్. 2005లో పోయారు. ఆత్మకథకు ‘పాలేరు నుంచి పద్మశ్రీ వరకు’ అని పేరు పెట్టుకున్నారు. శ్రీపాద ఆత్మకథనూ దీన్నీ కలిపి చదివితే ఒకే గోదావరి దిగువన రెండు బాల్యాలు ఎంత ఎడంగా గడిచాయో తెలుస్తుంది. ఒక ఇంట్లో పిల్లవాడికి సంస్కృతం చదవమని ఒత్తిడి, ఇంకో ఇంట్లో అసలు చదువన్నదే అందని పండు.

కాలవ మీద

కాటన్ దొర ఆనకట్ట 1852కి పూర్తయింది. కాలవలు వచ్చాయి, వాటి మీద పడవలు వచ్చాయి, పడవల్లో రాత్రిళ్ళు పరాయి మనుషులు పక్కపక్కన పడుకుని కబుర్లు చెప్పుకునే సందర్భం వచ్చింది. తెలుగు కథకు ఇది పెద్ద వరం. పాలగుమ్మి పద్మరాజు పశ్చిమ గోదావరి జిల్లా తిరుపతిపురంలో 1915లో పుట్టినవారు; మొదట గీసుకున్న హద్దుకు బయటివారే అయినా, కాలవ కథ చెప్పేటప్పుడు ఆయన్ని వదలలేం. ఆయన ‘పడవ ప్రయాణం’లో రంగి, పద్దాలు భార్యాభర్తలన్న మాటకు సరిపోరు. పద్దాలు దొంగ, ఇంకో ఆడమనిషి దగ్గరకు పోతాడు. అయినా రంగి అతని కోసం పట్టుబడడానికి సిద్ధపడుతుంది. వింటున్న చదువుకున్న ప్రయాణికుడికి అది అర్థం కాదు. పెళ్ళి, కాపురం అన్న మాటల్లో ఇమడని ఒక బంధం కాలవ మీద, ఇంటికి దూరంగా బయటపడింది. ఇంటి కథలు రాసే సీమలో ఇది ఇల్లు లేనివాళ్ళ కాపురం కథ.

ఆయన ‘గాలివాన’కు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథానికల పోటీలో రెండో బహుమతి వచ్చింది. నియమాల మనిషి రావుగారు, ముష్టి ఎత్తుకునే ఆడమనిషి తుపాను రాత్రి రైల్వేస్టేషనులో ఒకే గదిలో చిక్కుపడడం ఆ కథ. డెల్టాలో పుట్టినవాడికి గాలివాన ఏటా వచ్చే చుట్టం. అందుకే అందులో గాలి వర్ణన అంత పొడిగా, అంత కచ్చితంగా ఉంటుంది. 1983లో ఆయన పోయాక, 1985లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ప్రకటించారు.

కాలవ పడవల కాలాన్ని ఇంజనీరు కంటితో చూసి ‘గోదావరి కథలు’ రాసినవారు బి.వి.ఎస్. రామారావు. బాపు, ముళ్ళపూడి రమణల స్నేహితుడు. నీటిపారుదల శాఖవాళ్ళకు లాకులు, గట్లు, లంకల తగాదాలు తెలిసినంతగా కవులకు తెలియవు. ఆ కథల్లో గోదావరి దేవతలా కాకుండా పొరుగింటి మనిషిలా ఉంటుంది.

పసలపూడి

వంశీ 1956లో పసలపూడిలో పుట్టారు. రామచంద్రపురానికి దగ్గరి ఊరు. సినిమా దర్శకుడిగానే ఎక్కువమందికి తెలుసు: ‘మంచుపల్లకి’, ‘సితార’, ‘అన్వేషణ’, ‘లేడీస్ టైలర్’, ‘ఏప్రిల్ 1 విడుదల’. కానీ ముందు పుట్టింది రచయిత. ‘సితార’కు మూలం ఆయన నవల ‘మహల్లో కోకిల’. ఆ సినిమా ఆ ఏటి జాతీయ ఉత్తమ తెలుగు చిత్రమైంది.

‘మా పసలపూడి కథలు’ స్వాతి వారపత్రికలో బాపు బొమ్మలతో వారం వారం వచ్చాయి. తర్వాత ‘మా దిగువ గోదావరి కథలు’ అదే దారిలో వచ్చాయి. శ్రీపాద తర్వాత ఈ సీమ కథకు ఇంతమంది పాఠకులు దొరకడం మళ్ళీ ఇప్పుడే. రెడ్ల ఇళ్ళు, చాకలిపేట, కమ్మరి కొలిమి, సినిమాహాలు గేటు, సంతలో పకోడీల బండి, టూరింగ్ టాకీసు, మేనరికాలు, లేచిపోయిన జంటలు: అగ్రహారపు అరుగు మీద నుంచి కనపడని ఊరంతా ఇక్కడ కనిపిస్తుంది. ఊళ్ళ పేర్లు ఉన్నవున్నట్టు, ఇంటిపేర్లు ఉన్నవున్నట్టు, వంటల పేర్లయితే మరీ వివరంగా ఉంటాయి. జ్ఞాపకం ఎక్కడ ఆగి కల్పన ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. చదివేవాళ్ళకు ఆ తేడా అక్కర్లేదు గానీ, అందులో తమ తాతను గుర్తుపట్టిన కుటుంబాలకు అక్కర ఉండి ఉంటుంది.

వీటి మీద రెండు రకాల అభిప్రాయాలున్నాయి. ఒకటి, ఇంత తియ్యగా ఉండేది పల్లెటూరు కాదని. రెండు, ఇంత నోరూరించేలా పల్లెను ఇంకెవరూ రాయలేదని. రెండూ నిజమే. బాధ ఉన్నచోట కూడా ఆయన కథ ఒక రకం మత్తులో నడుస్తుంది. కులం, భూమి తగాదాలు వచ్చినా వెన్నెలలోనే వస్తాయి. అయితే ఎన్నో చిన్న వృత్తుల, చిన్న ఇళ్ళ వివరాలు ఆ కథల్లో తప్ప ఇంకెక్కడా నిలవలేదు. దాన్ని కాదనడం అన్యాయం. ఈమధ్య పుస్తకంగా వచ్చిన ‘పొలమారిన జ్ఞాపకాలు’ కథల ముసుగు కూడా తీసేసి నేరుగా జ్ఞాపకాలుగా నడుస్తుంది. ఇతరుల కథల్లో తనకు ఇష్టమైనవి ఏరి ‘వంశీకి నచ్చిన కథలు’గా తెచ్చారు. సినిమా నుంచి డబ్బు, పేరు వచ్చాక కూడా వారపత్రిక కథకు వెనక్కి వచ్చిన దర్శకుడు తెలుగులో ఇంకొకరు కనపడరు.

అచ్చు సంగతి

కోనసీమ కథ పుస్తకం కావడానికి దారి ఎప్పుడూ పత్రికే. 1924లో మొదలైన ‘భారతి’, ఆంధ్రపత్రిక వారపత్రిక, తర్వాత ఆంధ్రప్రభ, యువ, జ్యోతి, స్వాతి. పత్రిక కథకు పారితోషికం ఇచ్చేది. పుస్తకానికి మాత్రం రచయితే ఎదురు ఖర్చు పెట్టుకునేవాడు. ఉపాధ్యాయుడైన కథకుడు జీపీఎఫ్‌లో అప్పు తీసి పుస్తకం వేయించుకుని, ఆవిష్కరణ సభలో సగం, చుట్టాలకు పావు పంచి, మిగతావి అటక ఎక్కించడం ఇప్పటికీ జరిగేదే. కుటుంబ జీవితానికి, పుస్తక ప్రచురణకు ఇంతకంటే దగ్గర సంబంధం ఇంకోటి లేదు. ఇంట్లో ఆమె ఒప్పుకుంటేనే పుస్తకం.

భారతి 1991లో ఆగిపోయింది. వారపత్రికలు సన్నబడ్డాయి. ఆదివారం అనుబంధాల్లో కథకు ఒక పేజీ మిగిలింది. మరోవైపు 1990 నుంచి కథాసాహితి ఏటేటా తెస్తున్న ‘కథ’ సంకలనాలు, 1997లో కాళీపట్నం రామారావు శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయం పాత పత్రికల్లో చెల్లాచెదురైన కథలకు గూడు కట్టాయి. అమలాపురంలోనో రాజోలులోనో పుట్టి, రెండు మూడు మంచి కథలు రాసి, పుస్తకం వేసుకునే స్తోమత లేక మరుగున పడిన రచయిత పేరు కోసం వెతికేవాళ్ళకు ఇప్పుడు మొదటి మజిలీ కథానిలయమే.

ఇంకా రాని ఇళ్ళు

1995 జనవరిలో పాశర్లపూడిలో చమురు బావి నుంచి ఎగిసిన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. 1996 నవంబరు తుపాను కోనసీమలో వందల ప్రాణాలు తీసి, తరాల కొబ్బరితోటల్ని ఒక్క రాత్రిలో పడగొట్టింది. 2011లో ఇక్కడి రైతులు ఖరీఫ్ వేయబోమని పంట విరామం ప్రకటించారు. 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాస్ గొట్టం పేలి ఇళ్ళల్లో నిద్రపోతున్నవాళ్ళు కాలిపోయారు. 2022 మేలో జిల్లా పేరు మార్పు మీద రేగిన గొడవల్లో అమలాపురం మండింది. ఇవన్నీ వార్తలుగా వచ్చినంత విరివిగా కథలుగా వచ్చినట్టు లేదు. పాతకాలపు మండువా మీద మమకారం కోనసీమ కథను ఇప్పటికీ వెనక్కి లాగుతోందని నా అనుమానం.

అన్నిటికంటే పెద్ద ఖాళీ గల్ఫ్ ఇల్లు. ఇక్కడి పేటల నుంచి, లంకల నుంచి కువైట్, దుబాయ్, మస్కట్‌లకు ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. అక్కడ వేరేవాళ్ళ పిల్లల్ని పెంచే తల్లి, ఇక్కడ ఆమె పిల్లల్ని పెంచే అమ్మమ్మ, నెలనెలా వచ్చే డబ్బుతో లేచిన స్లాబు ఇల్లు, ఆ డబ్బు తాగేసే మొగుడు, రెండేళ్ళకోసారి సెలవు మీద వచ్చిన తల్లిని గుర్తుపట్టని చిన్నపిల్ల: శ్రీపాద కళ్ళబడితే ఎన్ని కథలయ్యేవో. గల్ఫ్ వలస మీద తెలుగులో వచ్చిన కథల్లో ఎక్కువ భాగం తెలంగాణ మగవాళ్ళవి. కోనసీమ ఆడవాళ్ళ గల్ఫ్ కథలో ఎక్కువ భాగం ఇంకా వాట్సాప్ వాయిస్ మెసేజీల్లోనే ఉంది. రాత్రి పని అయ్యాక, యజమాని ఇల్లు నిద్రపోయాక, ఆమె ఫోనులో మెల్లగా చెప్పే మాటల్లో సంభాషణ తప్ప వర్ణన ఉండదు. ఆ మాటలు పుస్తకంగా మారాలంటే వాటిని రాసుకునే తీరిక ముందు ఆమెకో, ఆమె కూతురికో దొరకాలి. ఆ కూతుళ్ళలో చాలామంది ఇప్పుడు అమలాపురం, రాజోలు, కొత్తపేట కాలేజీల్లో డిగ్రీ చదువుతున్నారు.